నొగ లేచిన ట్రాలీ

జంపక్క పాల్వంచ ఠాణా మెట్లెక్కేసరికి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలైంది. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ మీద బస్సులో దర్యాప్తుకు వచ్చే డిటెక్టివ్ రాష్ట్రం మొత్తంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు పనిచేసి, అందులో చివరి పన్నెండేళ్ళు ప్రమాదాల విచారణలోనే గడిపి రిటైరైంది. బ్రేకులు అబద్ధమాడవని ఆమెకు గట్టి నమ్మకం. మనుషుల మీద అంత నమ్మకం పెట్టుకోలేదు.

ఆమెను పిలిపించింది పద్మావతమ్మ. మధిరలో పెళ్ళి వంటల కాంట్రాక్టులు చేసే బసవపున్నయ్య భార్య. పొద్దున్నే భర్తకు తెలియకుండా ఫోన్ చేసింది.

"మా డ్రైవర్ మంగీలాల్ దొంగ కాదండీ. ఎట్లాగైనా విడిపించండి. ట్రాలీ సంగతి మాత్రం మరీ లోతుగా తవ్వకండి," అంది.

ట్రాలీ పోయిన కేసులో ట్రాలీని తవ్వొద్దంటే, ఇక తవ్వడానికి మిగిలేదేముంది? జంపక్క ఆ మాటను మనసులో ఓ మూల పడేసి బస్సెక్కింది.

కేసు చూడ్డానికి చిన్నదే. బసవపున్నయ్య కొత్తగా పెద్ద ఎస్‌యూవీ కొన్నాడు, దాని వెనక తగిలించి లాగడానికి వంటల ట్రాలీ చేయించాడు. పొయ్యిలు, గుండిగలు, నీళ్ళ ట్యాంకు, అన్నీ అందులోనే. మంగళవారం భద్రాచలంలో పెళ్ళి వంట ముగిసింది. బుధవారం ఇంటివాళ్ళంతా వేరే కారెక్కారు. మంగీలాల్ ఒక్కడే ట్రాలీతో బయలుదేరాడు. పాల్వంచ చేరేసరికి బండి ఉంది, ట్రాలీ లేదు. అమ్మేశాడని బసవపున్నయ్య ఫిర్యాదు రాసిచ్చాడు. ఈ రోజు పొద్దున అదే ట్రాలీ దారి పక్క అడవిలో దొరికింది. తర్వాత అమ్ముకుందామని దాచాడని ఫిర్యాదుకు ఇంకో వాక్యం చేర్చారు.

ఎస్సై రవీందర్ మనిషి మంచివాడే గానీ గడియారానికి మహా భయపడతాడు.

"నాలుగింటికి కోర్టుల హాజరు పెట్టాలె, జంపక్కా. ఆలోపు ఏమన్నా తెస్తే చూస్త. లేకపోతే రిమాండే," అన్నాడు.

బెంచీ మీద మంగీలాల్ చేతులు తొడల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా బసవపున్నయ్య దగ్గరే డ్రైవరు. ముందు ట్రాక్టరు, తర్వాత లారీ, ఇప్పుడీ ఎస్‌యూవీ. దొంగతనం కేసులో లోపలికి వెళ్ళొచ్చినవాడికి ఖమ్మం జిల్లాలో ఎవరూ తాళంచెవి ఇవ్వరు. స్టీరింగ్ తప్ప ఇంకో పని అతనికి రాదు. ఆ సంగతి అతని మొహంలోనే కనిపిస్తోంది.

"పొద్దుగాల నుంచి చెప్పు. టైములతోని," అంది జంపక్క.

"పదిన్నరకు ట్రాలీ తగిలించిన. బండి వెనక ఉండె ఇనప గుండు మీద ట్రాలీ కప్పు కూసోబెట్టిన. లాక్ వేసిన. అది ఊడకుండ పిన్ను పెట్టిన. రెండు గొలుసులు కింద నుంచి కత్తెర లెక్క అడ్డంగ వేసిన. లైట్ల వైరు పెట్టి బ్రేక్ లైటు చూసిన. గాలి చూసిన."

"తర్వాత?"

"దర్శనం చేసుకొని, అన్నం తిని రమ్మన్నరు. పోయిన. పదకొండు నలభై అయిదుకు వచ్చిన."

"ఎవరు రమ్మన్నరు?"

మంగీలాల్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. "అందరు."

"ఆ గంటంబావు ట్రాలీ కాడ ఎవరున్నరు?"

"నాకు తెల్వదు."

నిమిషాలతో సహా అప్పగిస్తున్న మనిషికి హఠాత్తుగా ఏమీ తెలియకుండా పోయింది. జంపక్క కళ్ళజోడు సర్దుకుని, పట్టనట్టే తర్వాతి ప్రశ్న వేసింది.

"తిరిగొచ్చినంక లాక్ మళ్ళ చూసినవా?"

మంగీలాల్ తల దించుకున్నాడు. "చూడలే. పన్నెండు కొడితే రాహుకాలం, జల్దీ కదులు అన్నరు. ఎక్కి కూసున్న. పదకొండు యాభైకి కదిలిన. చూడకపోవుడు మాత్రం నా తప్పే."

"ట్రాలీ లేదని ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండు నలభైకి, పాల్వంచల. చాయ్ తాగుదామని ఆపిన. హోటలాయన 'వెనక వంటిల్లు ఏదన్నా?' అన్నడు. తిరిగి చూస్తే లేదు."

మూలనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"అంత బరువు ఊడిపోతే బండి చెప్పదా?"

"చెప్పింది. ఎక్కుడు మీద మస్తు హుషారుగ పోయింది. కొత్త బండి గదా, ఇగ అలవాటు పడ్డది అనుకున్న."

ఈసారి కానిస్టేబుల్ బయటికే వెళ్ళిపోయాడు.

అదే తలుపులోంచి ఉదయ్ భాస్కర్ లోపలికొచ్చాడు. ఖమ్మంలో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ, ఒక డ్రోను, నీడలో కూడా తీయని నల్లకళ్ళద్దాలు. బసవపున్నయ్య పెట్టుకున్న మనిషి. కేసు తేలకముందే తేలినట్టు వాట్సాప్ స్టేటస్ పెట్టడం అతని అలవాటు.

"నమస్తే మేడం. లేటయ్యారు. లాక్ విరగలేదు, గొలుసు తెగలేదు, హుక్కులు వంగలేదు. ఏదీ విరక్కుండా ట్రాలీ ఊడిందంటే ఎవరో ఊడదీశారన్నమాట. బండిలో ఉన్నది ఈయనొక్కడే. కేస్ క్లోజ్."

"ఎవరో విప్పిండ్రు, గంతవరకు కరెక్టే తమ్మీ. ఎక్కడ విప్పిండ్రు?"

"అడవిలో."

"లెక్క చేద్దాం. పదకొండు యాభై నుంచి పన్నెండు నలభై దాకా, యాభై నిమిషాలు. ట్రాలీతోని గా అడవి రోడ్డు మీద పాల్వంచకు నలభై నిమిషాలన్నా పడ్తది. మిగిలింది పది. గా పది నిమిషాల్ల ట్రాలీ విప్పి, ఒక్కడే రోడ్డు దించి, చెట్ల మధ్యలకు నూకి, మళ్ళ చాయ్ కాడికి పోయిండా? గంత బలమున్నోడు డ్రైవర్ పని ఎందుకు చేస్తడు? కుస్తీలకు పోతడు."

"తోడు దొంగలుండొచ్చుగా?"

"ఉండొచ్చు. పట్టుకొచ్చి చూపెట్టు, చాయ్ నేనే తాపిస్త."

ఉదయ్ భాస్కర్ కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "స్పాట్‌లో కలుద్దాం మేడం. బస్సులో రాకండి, ఆలస్యమవుద్ది," అని వెళ్ళిపోయాడు.

జంపక్క ఎస్సై జీపులో అడవికి చేరేసరికి రెండూ పది. పాల్వంచకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, భద్రాచలం వైపు, రోడ్డు మీద ఒక స్పీడ్ బ్రేకరు. దాన్ని దాటగానే ఎడమ పక్క నేల వాలుగా దిగుతుంది. ట్రాలీ దొరికింది ఆ వాలులోనే. కానీ ఆమె జీపు దిగేటప్పటికే ట్రాలీ రోడ్డెక్కి ఉంది. బసవపున్నయ్య ఎస్‌యూవీకి దాన్ని తగిలించి, స్టీరింగ్ ముందు ఉదయ్ భాస్కర్ కూర్చున్నాడు. పక్క సీట్లో పద్మావతమ్మ.

"ఆపు తమ్మీ. నేను ట్రాలీ చూడాలె."

"స్టేషన్‌లో తీరిగ్గా చూద్దురు మేడం. ఇది ఎవిడెన్స్. లాక్, పిన్ను, గొలుసులు అన్నీ నేనే స్వయంగా వేశాను. ఎలా వేయాలో మీ డ్రైవర్‌కి చూపించడానికి వీడియో కూడా తీశాను."

బసవపున్నయ్య పంచనామా మీద సంతకం పెట్టడానికి కిందే నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, ప్రపంచమంతా తన వంటమనుషులే అన్నట్టు మాట్లాడే గొంతు. "పద్మా, నువ్వు దిగు. నాతో జీపులో వద్దువుగానీ," అన్నాడు.

"నేను ఇందులోనే వస్తాను. ట్రాలీని ఒంటరిగా పంపను," అంది పద్మావతమ్మ. జంపక్క మొహం చూడకుండా మెడ తిప్పి వెనకనున్న ట్రాలీ వైపే చూస్తోంది. ఇనప ట్రాలీకి తోడెందుకని ఎవరూ అడగలేదు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటిన భర్త అసలే అడగడు.

రెండుంబావుకు బండి కదిలింది. జంపక్క ఒళ్ళు మండిపోయింది. కానీ మంట మింగి వాలులోకి దిగింది. నేల ఎక్కడికీ పోదు కదా.

ట్రాలీని ముందుగా చూసిన దూలయ్య అక్కడే మోదుగ చెట్టు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్క గూడెం మనిషి, అరవై దాటినవాడు. పొద్దున్నే తునికాకు కోతకు వెళ్తూ చూసి, కబురు చేశాడు.

"నువ్వు చూసినప్పుడు ఎట్లున్నది?" అనడిగింది జంపక్క.

"నొగ మీదికి లేసి ఉన్నదక్కా. వెనక భాగం నేలల దిగబడ్డది. మేక కొమ్మ అందుకోనీకి లేస్తది సూడు, గట్ల."

నొగంటే ట్రాలీ ముందుకు పొడుచుకొచ్చే ఇనప కాడ. దాని కొసనే బండికి తగిలిస్తారు.

"మరి ఎట్ల దించిండ్రు?"

"నలుగురం ఏలాడినం. అద్దాల సారు ఫోటో తీసిండు. నొగ దిగనంటది, మేం దించుతాం. మా నాయన ఎడ్లబండి తోలెటోడు. వెనక బరువెక్కువైతే కాడి ఎద్దు మెడ మీద నిలవదు, లేస్తది అని చెవి మెలేసి నేర్పిండు. గీ పెద్ద బండ్లోళ్ళకు ఎవరు చెవి మెలేయలే గావచ్చు."

జంపక్క గిర్రున తిరిగి బసవపున్నయ్యను పట్టుకుంది. "ట్రాలీల ఏది ఎక్కడుంటది?"

"పొయ్యిలు ముందు, గుండిగలు మధ్యలో, ట్యాంకు వెనకమ్మా. చేసిచ్చినవాడు పదిసార్లు చెప్పాడు. మొత్తం బరువు వంద పాళ్ళయితే పదో పన్నెండో పాళ్ళు నొగ మీద ఆనాలంట. వెనక బరువైతే తోక ఊపి బండినే తిప్పేస్తదంట. అందుకే రోడ్డెక్కేటప్పుడు ట్యాంకులో చుక్క నీళ్ళుండకూడదని నా ఆర్డరు. నా ఆర్డరు దాటేవాళ్ళు మా ఇంట్లో లేరు."

"గట్లనా?"

ఆమె ట్రాలీ వెనక భాగం దిగబడిన గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. పైన ఎండిన టేకాకులు. ఆకులు తీసింది. కింద బురద ఉంది, చల్లగా. నలభై రోజులుగా వాన లేని మే నెల అడవిలో బురద! చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపితే సన్నటి ఇసుక మిలమిల మెరిసింది. దుమ్ముగూడెంలో పుట్టి గోదావరి రేవులో ఈత నేర్చిన మనిషికి ఆ ఇసుక గురించి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ట్యాంకుకు ఎన్ని లీటర్లు పడతయి?"

"ఏడొందలు."

"నీళ్ళు ఏడొందల లీటర్లంటే ఏడొందల కిలోలు. చక్రాల వెనక. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరితే నొగ లేస్తది. లాక్ పడకుంటే ఊడుతది." జంపక్క లేచి నిలబడి రోడ్డు వైపు చూసింది. "రవీందర్, ట్యాంకు నిండుగ ఉన్నది. అది కారిన నీళ్ళే ఇవి. ఇప్పుడు గా ట్రాలీ ముందు ఎవరున్నరు?"

"మా ఆవిడ," అన్నాడు బసవపున్నయ్య. మొదటిసారి అతని గొంతు చిన్నదైంది.

"ముందు నాలుగు కిలోమీటర్ల దిగుడు ఉన్నది," అన్నాడు ఎస్సై. "దాని చివర వాగు మీద మోరీ, దాని మీదనే మలుపు."

అప్పటికి రెండూ ఇరవై రెండు. ఎస్సై ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. అవతల ఉదయ్ భాస్కర్ మాటకన్నా ముందు పద్మావతమ్మ "రామా, రామా" వినిపించింది.

"సార్, బండి తోక ఊపుతోంది సార్!" ఉదయ్ భాస్కర్ అరుస్తున్నాడు. "అరవైలో ఉన్నా. ట్రాలీ ఇటు గుంజుతోంది, అటు గుంజుతోంది. అద్దంలో ఓసారి ఇటు కనిపిస్తోంది, ఓసారి అటు. బ్రేక్ కొట్టేస్తున్నా!"

"కొట్టకు!" అని జంపక్క ఒక్క కేక పెట్టింది. తర్వాత ఎస్సై భుజం పట్టుకుంది. "ఠాణాకు కలుపు. మంగీలాల్‌కు ఫోనియ్యమను. నేను ఎప్పుడైనా ప్రమాదం అయినంక పోయినదాన్నే. కాకముందు ఏం చెయ్యాలెనో చేతులకు తెలిసినోడు గాడున్నడు. ట్రాలీ ఊగుతాంది, ఎట్ల ఆపాలెనో చెప్పమను. గంతే."

మూడు ఫోన్లు కలవడానికి పద్నాలుగు సెకన్లు పట్టింది. అంతసేపూ "రామా" ఆగలేదు.

"సార్, మంగీలాల్‌ను. బ్రేక్ మీద నుంచి కాలు తీసిండ్రా?"

"తీశా!"

"అట్లనే ఉంచుండ్రి. వెనక ఏడొందల లీటర్ల నీళ్ళున్నయి సార్. బ్రేక్ కొడితే అవి మిమ్మల్ని నూకి బండిని అడ్డం తిప్పుతయి. యాక్సిలేటర్ కూడ వదలుండ్రి, మెల్లగ. రెండు చేతులతోని స్టీరింగ్ సీదా పట్టుండ్రి. ట్రాలీ ఎటు పోతే అటు తిప్పకుండ్రి. దాన్ని చూడకుండ్రి, రోడ్డు చూడుండ్రి."

"మోరీ వస్తోంది!"

"రానియ్యిండ్రి. మీటర్ ఎంతున్నది?"

"యాభై ఐదు... యాభై రెండు."

"కింది గేరు ఒకటి వెయ్యిండ్రి. ఒక్కటే."

"నలభై ఐదు. ఇంకా ఊగుతోంది!"

"ఊగనియ్యిండ్రి. తగ్గుతాంది గదా? కొత్త కోడె లెక్క. మీరు అదిరితే అదింకా అదురుతది. అమ్మా, మీరు సార్ చెయ్యి పట్టుకోకుండ్రి."

ఇటు బసవపున్నయ్య రెండు ఫోన్లూ నేల మీద పడేసుకుని, వాటిని తొక్కుతున్న సంగతి కూడా తెలియకుండా నిలబడ్డాడు.

"ముప్పై ఐదు... ఊగడం ఆగింది. మోరీ దాటాం. ఇరవై..."

"ఇప్పుడు మెల్లగ పక్కకు తీసి బ్రేకు. మెల్లగ."

రెండూ ఇరవై అయిదుకు బండి ఆగింది. తర్వాత ఉదయ్ భాస్కర్ నెమ్మదిగా, "మేడం, కేస్ ఇంకా క్లోజ్ అవ్వలేదు. స్టేటస్ తీసేస్తున్నా," అన్నాడు.

దూలయ్య కిసుక్కున నవ్వాడు. ఎస్సై కూడా నవ్వబోయాడు గానీ జంపక్క మొహం చూసి ఆగిపోయాడు. ఆమె ఫోన్‌కు దగ్గరగా వంగింది.

"మంగీలాల్, మస్తు పని చేసినవ్. ఒక్కటి చెప్పు. ట్యాంకుల నీళ్ళున్నయని నీకెవరు చెప్పిండ్రు?"

"ఏందీ మేడం?" అన్నాడు మంగీలాల్.

"గా సంగతి నేను చూసి పావుగంట కాలే. ఈడ నిలబడ్డోళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలే. ఠాణాకు ఫోన్ చేసినప్పుడు ట్రాలీ ఊగుతాందని మాత్రమే చెప్పించిన. నీకు లీటర్లతోని ఎట్ల తెలుసు?"

"అందాజుగ అన్న మేడం."

"నీళ్ళేంటి?" బసవపున్నయ్యకు ఇప్పటికి గొంతు తిరిగొచ్చింది. "నా ట్రాలీలో నీళ్ళెవరు పోశారు?"

"నేను పోయించాను," అంది పద్మావతమ్మ ఫోన్‌లోంచి.

మొదలుపెట్టాక ఇక ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు. "గోదారి దాకా వెళ్ళి ఖాళీ ట్యాంకుతో ఎట్లా వస్తానండీ? వియ్యాలవారు అడిగారు, మా అమ్మాయి లిఖిత కొత్తింట్లో చల్లాలంది, వీధిలో ఆరిళ్ళవాళ్ళు అడిగారు. క్యాన్లలో తెస్తానంటే కారు సీట్లు పాడైపోతాయని మీరే వద్దన్నారు. అందుకని మంగీలాల్‌ని దర్శనానికి పంపి, రేవులో నీళ్ళ మోటారు వాళ్ళని నలుగుర్ని పిలిచాను. ట్రాలీ విప్పి నీళ్ళ దగ్గరికి తోశారు, నింపారు, మళ్ళీ తెచ్చి తగిలించారు. వాళ్ళకి ట్రాక్టర్ ట్రాలీలే తెలుసు. ఈ గుండూ లాకూ ఎవరికి తెలుసు? పిన్ను పెట్టకుండా, గొలుసులు పైన పడేసి 'అయిందమ్మా' అన్నారు. మీరు వెనక్కొచ్చి చూస్తారేమోనని భయపడి, రాహుకాలం అని నేనే తొందరపెట్టాను."

"మరి నిన్ననే చెప్పొచ్చుగా!"

"చెప్తే మీరు ఆరిళ్ళలోనూ ఆరేళ్ళు చెప్పుకు తిరుగుతారు. పాల్వంచ నుంచి మంగీలాల్ ఫోన్ చేసి 'ట్రాలీ పోయిందమ్మా' అంటే, నా నోట్లోంచి 'నా నీళ్ళో?' అని వచ్చేసింది. అప్పుడే అతనికి తెలిసిపోయింది. అయ్యగారికి చెప్పొద్దని బతిమాలాను. సాయంత్రానికి ట్రాలీ దొరుకుద్ది, అయిపోతుందనుకున్నా. మీరు పోలీసుల దగ్గరికెళ్తారని నాకేం తెలుసు? నిజం చెప్పడం కంటే డిటెక్టివ్‌ని పెట్టుకోవడమే తేలిక అనిపించింది."

జంపక్కకు ఆమె మీద కోపమొచ్చింది, జాలీ వేసింది. రెండింటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయింది. ఎస్సై టైము చూసుకోవడం మర్చిపోయాడు.

పద్మావతమ్మ మాట ఇప్పుడు డ్రైవర్ మీదికి మళ్ళింది. "మంగీలాల్, నేను చెప్పొద్దన్నాను గానీ జైలుకు పొమ్మన్నానా? నిన్నటి నుంచి ఠాణాలో కూర్చున్నావే, ఇప్పుడు కోర్టుకి తీసుకుపోతున్నారే, ఒక్క మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పొద్దన్నరు గదమ్మా," అన్నాడు మంగీలాల్. "ఎప్పటిదాకనో మీరు చెప్పలే."

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. ఆ మాట బండిలో ఉన్నవాళ్ళూ విన్నారు, అడవిలో ఉన్నవాళ్ళూ విన్నారు. బసవపున్నయ్య జేబులోంచి పెన్ను తీసి, తను రాసిచ్చిన ఫిర్యాదు కాగితం కోసం ఎస్సై వైపు చెయ్యి చాచాడు. "మొత్తం కొట్టేయాలి, ఇటివ్వండి," అన్నాడు.